బల్లి తోకా, నెత్తుటి కావలివాళ్ళూ

నేను ఇంతవరకూ ఒక్క కథా రాసినదాన్ని కాదు. చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే మీరే సర్దుకోండి.

అనగనగా ఒక వంటపాక. ఆ పాక దూలం మీద చుక్కమ్మ అనే బల్లి. ఒకనాడు పిల్లి పంజా విసిరితే, తోక వదిలేసి ప్రాణం దక్కించుకుంది. బల్లికి తోకంటే సోకు కాదు, కొవ్వు దాచుకునే గాదె. చలి రోజులు వచ్చేలోగా అది మొలవకపోతే ఆకలికి చావడమే.

చుక్కమ్మ నెత్తుటిలో నలుసంత కావలివాళ్ళు కాపురముంటారు. వాళ్ళ పెద్ద పోలమ్మ. తోక తెగిన కబురు అందగానే అందరూ గాయం దగ్గరికి పరుగెత్తారు. లోపల దూరిన క్రిముల్ని చంపారు. చచ్చిన కండని తిని శుభ్రం చేశారు. ఆ పనికి గాయం ఎర్రబడింది, వాచింది, సలిపింది.

పెరటి కంచె మీదుండే తొండ మావ చూసి నవ్వాడు. "ఈ మంటంతా ఆ మురికి మూక తెచ్చిందే. దొంగల్ని నీ ఒంట్లో నువ్వే మేపుతున్నావా కోడలా?" అన్నాడు. నీళ్ళకుండ కింది చల్లటి బురద పూసి తరిమెయ్యమన్నాడు.

చుక్కమ్మ పూసింది. కావలివాళ్ళు చెదిరిపోయారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ పూసింది. మూడోసారీ వచ్చారు, నానా మాటలూ అని మరీ పూసింది. ఇక రాలేదు.

మంట తగ్గింది. తోక మాత్రం రాలేదు. మొండి మీద గట్టి మచ్చ కట్టింది. కొత్త కండ కట్టే తాపీవాళ్ళు లోపల ఊరికే కూర్చున్నారు. ఎందుకు కట్టరని అడిగితే, కావలివాళ్ళు శుభ్రం చేసి పిలిస్తేనే తమకు పని అన్నారు.

చలిగాలి మొదలైంది. చుక్కమ్మ పోలమ్మని బతిమాలింది.

"నీ కుళ్ళు తిన్నది మేము. మురికివాళ్ళమని తిట్లు తిన్నదీ మేమే," అంది పోలమ్మ. "తలుపు మూసేసి ఇప్పుడు రమ్మంటే ఎలా వస్తామే? ఆ మచ్చ నువ్వే కొరికి దారి తెరువు."

చుక్కమ్మ కళ్ళు మూసుకుని కొరుక్కుంది. కావలివాళ్ళు వచ్చారు. ఈసారి ఎంత సలిపినా ఓర్చుకుంది. వాళ్ళు శుభ్రం చేసి, తాపీవాళ్ళని పిలిచి, పని సాగాక తమ దారిన పోయారు. తోక మొలిచింది.

తొండ మావ వచ్చి తాపీవాళ్ళ పనితనాన్ని తెగ మెచ్చుకున్నాడు.

"నోరు ముయ్యి మావా," అంది చుక్కమ్మ. "ముందు పోలమ్మ పేరు చెప్పు. తరవాత వీళ్ళని పొగుడుదువుగాని."

పిల్లలూ, కుళ్ళు ఎత్తేవాళ్ళని తరిమిన చోట కొత్తది మొలవదు.

ఈ కథ రాసిన మర్నాడు పొద్దున, మా వీధి మురికి కాలవ తియ్యడానికి వచ్చిన సింహాద్రమ్మ మంచినీళ్ళు అడిగింది. మా అత్తగారు ఎప్పటిలాగే దూరంనించి దోసిట్లో పొయ్యబోయారు. నేను సింహాద్రమ్మని అరుగుమీద కూర్చోమని, నా గ్లాసుతో ఇచ్చాను.