ఆషాఢంలో పెరిగిన మైలేజీ

గంగులప్ప స్వామిని ఏదైనా అడిగితే ముందు "అన్నం తిన్నావా?" అంటాడు. తిన్నామంటే మంచినీళ్ళు ఇప్పిస్తాడు. ఆ తర్వాత మనం అడిగింది ఆయన చెవిన పడిందో లేదో దేవుడికే తెలియాలి. శిష్యుడిగా చేరిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. గురువన్నాక నాలుగు మాటలు చెప్పాలి గదా! ఏళ్ళు గడిచాక తెలిసిందేమంటే, ఆయన జవాబు ఉన్నచోటికి మనిషిని నడిపించుకుపోతాడు, అక్కడ వదిలేసి తాను పక్కకు తప్పుకుంటాడు. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళం చాలామందిమే ఉన్నాం. అందరం సంసారులమే, ఆయనా సంసారే. ఆదివారం ఆదివారం ఆయన ఇంటి వసారాలో చేరుతాం.

ఆ ఆదివారం ప్రశ్న మునిరత్నానిది. టమోటాలు తోలే పికప్పు బండి ఉంది అతనికి.

"స్వామీ, కండ్లారా చూసినదాన్ని కూడా నమ్మకూడదా?" అన్నాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు స్వామి.

"తినబుద్ధి కాలేదు స్వామీ."

స్వామి లోపలికి కేకేసి అతనికి సంగటి పెట్టించాడు. ముద్ద ముద్దకూ ఆగుతూ మునిరత్నం సంగతంతా చెప్పుకొచ్చాడు.

వైశాఖం చివర్లో అతనికి కుసుమతో పెళ్ళయింది. ఆ వారంలోనే, సెకండ్‌హ్యాండులో కొన్న పాత బండి అమ్మేసి, తన కష్టార్జితం పెట్టి కొత్త పికప్పు తీసుకున్నాడు. బండి వాకిట్లోకి రాగానే అతని తల్లి నరసమ్మ హారతిచ్చి, కొత్త కోడల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పించింది. ఇంటికి లక్ష్మి వచ్చింది, ఇంక బండికి తిరుగులేదు అని మురిసిపోయింది. తీరా చూస్తే కొత్త బండి డీజిల్‌ను మంచినీళ్ళ ప్రాయంగా తాగింది. పాత డొక్కుబండి లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది, ఇది పదకొండు దాటలేదు. వారం చూశారు, ఇంకో వారం చూశారు. నరసమ్మ నోట ఆ మాట రానే వచ్చింది: "పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదేమో నాయనా."

నరసమ్మను తిట్టుకోకండి. ఆమె మొగుడు లారీ డ్రైవరు. ఘాట్‌రోడ్డులో బండితో సహా లోయలో పడి చనిపోయాడు. ఆ పొద్దున పిల్లి ఎదురొస్తే పట్టించుకోలేదని ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది. కొడుకు బండెక్కితే తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు. అంత భయం గుండెలో పెట్టుకున్న మనిషి శకునాలు చూడక ఏం చేస్తుంది?

ఆషాఢం వచ్చింది. ఆ నెలలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప తొక్కకూడదు గనక, ఆచారం ప్రకారం కుసుమ పుట్టింటికి పోయింది. వాయల్పాడు అవతల ఏదో పల్లె. ఇక్కడే వచ్చింది తంటా. ఆమె అటు పోయిందో లేదో, బండి దారికి రావడం మొదలుపెట్టింది. పదకొండు కాస్తా పన్నెండయింది, పదమూడయింది, నెల తిరిగేసరికి పదిహేను. ఇంజను చప్పుడు కూడా మెత్తబడింది. "చూసినావా? ఇంతకంటే ఏం కావాల నీకు?" అంది నరసమ్మ. ఆషాఢం వెళ్ళిపోయింది. శ్రావణం రాగానే ఊళ్ళో కొత్తకోడళ్ళంతా చీరాసారెలతో తిరిగొచ్చారు. కుసుమను రమ్మని మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు.

"దినామూ ఫోన్ చేస్తుంది స్వామీ," అన్నాడు మునిరత్నం. "మొదటి మాటే బండి. ఎంతిచ్చింది, ఎంతిచ్చింది అని. బండి బాగుపడాలని వాళ్ళూరి గంగమ్మకు మొక్కుకునిందంట. పదిహేనిచ్చిందని చెప్తే ఎంత సంబరపడిందో! రేపే పోయి మొక్కు తీరుస్తా అనింది. అంతలోనే, 'అయితే ఇంక నేను రాకుంటేనే మీకు మంచిదేమో' అనింది."

అతని చెయ్యి సంగట్లోనే ఉండిపోయింది. తనను వద్దనడానికి ఏ సాక్ష్యం చాలుతుందో, దాని కోసమే ఆ పిల్ల దేవుడికి మొక్కుకుంది. పాపం, అది తెలిసేసరికి మొక్కు ఫలించింది.

నేను ఊరుకునే రకం కాదు. "ఒరే మునిరత్నం, కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందంటావా పండు? దీన్నే కాకతాళీయం అంటారురా," అని శాస్త్రం ఎత్తుకున్నాను.

"అది నాకూ తెలుసన్నా. కానీ మా ఇంట్లో కాకి ఎగిరిపోయినప్పటినుంచే పండ్లు పడతా ఉండాయి. మా అమ్మకు నేనేం చెప్పేది? నాకు నేనేం చెప్పుకునేది?" అన్నాడు.

స్వామి ఇదంతా విన్నట్లే లేడు. ఖాళీ అయిన పళ్ళెం తనే తీసి పక్కన పెట్టి, "రేపు మార్కెట్టుకు పోతావు గదా, నన్నూ ఎక్కించుకో. టమోటాల ధర ఎట్లుందో చూడాల," అన్నాడు. ఆయనకు టమోటా తోట లేదు, కొనుక్కుంటే ఎప్పుడైనా అరకిలో. ఈయనకు ధరలతో పనేమిటని, నేనూ బయల్దేరాను.

మదనపల్లె మార్కెట్టులో తెల్లవారేసరికే క్రేట్లు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. వేలం పాట ఇంకా మొదలుకాలేదు. స్వామి ధరల జోలికే పోలేదు. బళ్ళు నిలిపిన వరస వెంబడి తీరిగ్గా నడిచి, మునిరత్నం బండిలాంటిదే ఇంకో కొత్త బండి దగ్గర ఆగాడు. అది ఖాదర్‌వలీది. మునిరత్నానికి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే షోరూంలో, ఒకే రోజు బళ్ళు తీసుకున్నారు.

"ఏం ఖాదర్‌వలీ, బండి బాగుందా?" అన్నాడు స్వామి.

"బంగారంలా ఉండాది స్వామీ. పదిహేను పైనే ఇస్తాండాది."

"తెచ్చిననాటినుంచీ ఇంతేనా?"

"అబ్బే! కొత్తలో పదకొండే. కొత్త ఇంజను గదా స్వామీ, లోపలి సామానంతా ఒకదానికొకటి రాసుకోని రాసుకోని నునుపు తేలాల. అంతవరకూ తాగతాది. కొన్నివేల కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుందని షోరూంలో చెప్పినారు గదా. ఏం మునిరత్నం బావా, నువ్వినలేదా?"

మునిరత్నం వినలేదు. షోరూం మనిషి ఆ మాట చెప్పే వేళకు, వెంట వచ్చిన నరసమ్మ అతనిచేత నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టిస్తోంది.

స్వామి ఇంకా కదల్లేదు. "అది సరే నాయనా. మీ ఇంట్లో అందరూ ఉన్నారా? ఈమధ్య ఎవరన్నా ఊరికి పోయినారా?"

"యాడికీ పోలేదు స్వామీ. మా అమ్మా, మా ఇంటామె, పిల్లోళ్ళు, అందరూ ఇంట్లోనే ఉండారు. ఎందుకట్లడుగుతారు?"

"ఏం లేదు. ఇంట్లోంచి ఎవర్నీ పంపించకుండానే నీ బండి బాగుపడిందే, ఎట్లబ్బా అని."

ఖాదర్‌వలీ ఏమీ అర్థంకాక నవ్వేశాడు. మునిరత్నం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. సరుకు దించేశాక బండిని ఊరివైపు తిప్పకుండా వాయల్పాడు రోడ్డు పట్టించాడు. స్వామి ఎక్కడికని అడగలేదు. నేను అడగబోతే నా మోకాలు మీద చెయ్యి వేశాడు.

కుసుమ వాకిట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. బండి చప్పుడు విని లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొగుణ్ణి చూడకముందే బండిని చూసింది. "చప్పుడు ఎంత మెత్తగా ఉందో!" అంది. ఆ మాటకే మునిరత్నం కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఇంజను సంగతి చెప్పాడు, ఖాదర్‌వలీ సంగతి చెప్పాడు, "మా అమ్మకు నేను చెప్పుకుంటా, తప్పు నాది, ఇంటికి రా" అన్నాడు. మామ ముందర, అత్త ముందర, మా ఇద్దరి ముందర అన్నాడు. అతనంటే నాకు అప్పుడు గౌరవం కలిగింది.

ఆమె అంతా విన్నది, నమ్మింది కూడా. లోపలికి పోయి సంచి సర్దుకుని, అమ్మానాన్నలకు చెప్పి వచ్చింది. హమ్మయ్య, కథ కంచికి చేరిందనుకున్నాను. మునిరత్నం బండి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసేసుకుంది.

"మీరు పోండి. నేను బస్సులో వస్తా," అంది.

"అదేంది? చెప్పినా గదా, ఇంజను..."

"నాకర్థమైంది. అయినా మళ్ళీ ఏమన్నా తగ్గితే..."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఎంత బతిమాలినా ఎక్కలేదు. అప్పుడు స్వామి బండి దిగి, "పద తల్లీ, నేనూ బస్సులోనే వస్తా. బస్సెక్కి ఎన్నాళ్ళయిందో," అంటూ ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

అట్లా బస్సు ముందు, మేము వెనక. బస్సు ఆగినచోటల్లా మునిరత్నం ఆగాడు. ఖాళీ బండి, ఎప్పుడో దాటిపోవచ్చు. హారన్ కొట్టి దాటమని నేనే రెండుసార్లు చెప్పాను. వినలేదు. బస్సు వెనక అద్దంలో ఆమె కనిపిస్తుందేమోనని మెడ సాచి చూస్తూనే ఊరుదాకా నడిపాడు.

నరసమ్మ ఏమందని అడుగుతారు. బండి రాక ముందే కోడలు బస్సు దిగి నడిచి రావడం చూసి ఆమె బిత్తరపోయింది. కొడుకు నోట సంగతంతా విన్నాక గడపలోనే కూలబడింది. ఆనక లేచి దిష్టి తీసి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆమె భయం పూర్తిగా పోయిందని నేను చెప్పను.

మునిరత్నం వీధిలోకొచ్చి స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటికైతే వచ్చింది స్వామీ. నా బండి ఎప్పుడెక్కుతుంది?"

స్వామి చెప్పులు వేసుకుంటూ అన్నాడు:

"కొన్నాళ్ళు డీజిల్ లెక్క చూసుకోకుండా నడుపు నాయనా."