గాడిదెక్కాల్సిన పేరు

ముందు ఏం చూశారో చెప్పండి! వేదురుకోట దాటి వచ్చారు కదా, పొలిమేర రాయి కంటపడలేదా? పైన "గుగ్గిళ్ళ సీమ" అని నిండుగా చెక్కి ఉంటుంది. కింద ఒంటరిగా ఒక "ర". చూసి కూడా అదేమిటని ఎవరినీ అడక్కుండా వచ్చేశారా? సరే, వినండి.

వేదురుకోట రాజు మాధవభూపతికి ఒకనాడు సీమలు సర్దాలని బుద్ధి పుట్టింది. ఆయన ఏలుబడిలో ఒక సీమ మరీ పెద్దది. కోటలో బయలుదేరిన కబురు ఆ చివరికి చేరేసరికి పాచిపోయేది. దాన్ని రెండుగా చీల్చాడు. తూర్పు సగానికి కోట పేరే ఉంచాడు.

"పడమటి సగాన్ని జనం గుగ్గిళ్ళ సీమ అంటారట. అదే ఖాయం చేద్దామా?" అన్నాడు.

"గుగ్గిళ్ళా! ఛీ ఛీ! పొరుగు రాజులు నవ్వరూ?" అంటూ లేచాడు దళవాయి రణమల్లనాయకుడు. సేనకంతా ఆయనే పెద్ద, మీసం ఆయనకంటే పెద్ద. "రణమల్ల సీమ అనండి ప్రభూ. వినగానే శత్రువు గుండె జారిపోతుంది."

రాజు పక్కన తమలపాకులు చుడుతున్న ఎర్రసాని చెయ్యి ఆగిపోయింది. రాజుగారి అడపం పెట్టె మోసే మనిషి ఆమె. పెరిగింది ఆ పడమటి సీమలోనే. వెనకటి కరువులో ఆమె తల్లి చంటిదాన్ని చంకనేసుకుని అక్కడికి చేరితే, ఎవరివని అడక్కుండా దోసెడు ఉలవ గుగ్గిళ్ళు పెట్టి బతికించారు. వచ్చినవాళ్ళందరికీ అలాగే పెట్టారు. పేరు అలా వచ్చింది. ఆ చంటిదే ఎర్రసాని. ఆ పేరు పోతే తన ప్రాణం నిలిచిన కథే పోతుంది!

"ఆ సీమవాళ్ళ మాట కూడా వినండి ప్రభూ" అంది.

"ఆకులు చుట్టేదానివి, పేర్ల గొడవ నీకెందుకే?" అని దళవాయి కసిరాడు.

రాజుకు ఇద్దరి తగవూ సరదాగా ఉంది. "ఎల్లుండి పొలిమేర రాయి దగ్గర డేరా వేద్దాం. జనం కొత్త పేరు సంతోషంగా ఒప్పుకుంటే అదే చెక్కిస్తాను. ఎర్రసానీ, అప్పుడు నీ అడపం పెట్టె దళవాయి చెప్పినవాళ్ళకి. సరేనా?"

"సరే ప్రభూ. ఆ సీమవాళ్ళకి కబురు మాత్రం నేనే పంపుతాను."

ఎల్లుండి వచ్చింది. ఆరుద్ర కార్తె దాటినా చినుకు లేదు, ఎండ మాడ్చేస్తోంది. అయినా డప్పులు మోగించుకుంటూ, చిందులేస్తూ ఊళ్ళకు ఊళ్ళే దిగాయి. ముందు బంతిపూల దండ వేసిన గాడిద. వెనక చీపుళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు.

"చూశావటే! నా పేరంటే ఎంత మోజో!" దళవాయి మీసం మెలేసి, రాయి చెక్కే కాసెవాడికి సైగ చేశాడు. ఉలి టంగుమంది.

"ఓడిపోయావే ఎర్రసానీ" అన్నాడు రాజు. ఆమె వక్క కత్తిరిస్తూ కూర్చుంది.

ముందు నడుస్తున్న గంగులవ్వను రాజు పిలిచాడు. "ఏమవ్వా, కొత్త పేరు నచ్చిందా?"

"నచ్చకేం దొరా! కుండ కంటే మనిషి మేలు గదా. తిడితే ఇనబడుద్ది."

"తిట్టడమేమిటి? ఆ గాడిద ఎవరికి?"

"ఇంకెవురికి, పేరుగల దొరకే! వానలు ఎగ్గొట్టిన ఏడు, సీమకు పేరిచ్చినోళ్ళను గాడిదెక్కిస్తాం. మసి పూసి, ఊరూరా తిప్పి, చీపుళ్ళతో నాలుగు తగిలించి, ఈ పొలిమేర దాటిస్తాం. మా తాతల నాటి కట్టడి. ఇన్నాళ్ళూ పాపం గుగ్గిళ్ళ కుండే ఆ దెబ్బలు తినింది."

దళవాయి మీసం జారింది. "వాన రాకపోతే నేనేం చేసేది?"

"కుండ మాత్రం ఏం చేసింది దొరా? అయినా ఒక్కనాడూ ఎదురు చెప్పలా."

"ప్రభూ! నేను దళవాయిని! నన్ను గాడిద మీద..."

రాజు నవ్వు బిగబట్టి ఎర్రసాని వైపు తిరిగాడు. ఆమె తమలపాకు చిలక చుట్టి అందిస్తూ అంది:

"సీమకు పేరిచ్చినవాడు వీపు కూడా ఇవ్వాలి ప్రభూ. ఎక్కమనండి, గాడిద ఎండలో మాడుతోంది!"

ఆడవాళ్ళు ఒక్కడుగు ముందుకు వేశారు. దళవాయి రెండడుగులు వెనక్కి వేసి ఉలికి అడ్డం పడ్డాడు.

"ఆపరా, ఆపు! గుగ్గిళ్ళ సీమ... ఆహా, ఎంత కమ్మని పేరు ప్రభూ! తలుచుకుంటేనే ఆకలేస్తోంది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. డేరా గుంజలు ఊగేలా జనం నవ్వారు. రాజు మెడలోని ముత్యాల హారం తీసి ఎర్రసాని చేతిలో పెట్టాడు. ఎవరో తెచ్చిన గుగ్గిళ్ళ కుండ యథాప్రకారం గాడిదెక్కింది. పగ్గం మాత్రం దళవాయి చేత పట్టించారు. గురి తప్పిన చీపుళ్ళు ఎక్కడ పడ్డాయో నేను చెప్పక్కర్లేదు.

రాయి మీద "ర" అలాగే మిగిలింది. ఇప్పుడు మీరు చెప్పండి: మీ జిల్లాకు తన పేరే పెట్టాలని పట్టుబట్టే పెద్దమనిషి, వాన రాని ఏడు గాడిదెక్కుతాడా?