రాజుగారి మజ్జిగ

ఆ రాజ్యం పేరు నాకు గుర్తు లేదర్రా. కోటగోడలు మాత్రం ఏనుగు మీద ఏనుగు ఎక్కినా అందనంత ఎత్తట. అయినా ఒక సంతరోజు ఎవరో కోటలోపలి సంతపాకలకు నిప్పుపెట్టారు. చాలామంది పోయారు. వాళ్లలో మరమరాలమ్మే గవరమ్మ కూతురూ ఉంది.

"మనవాళ్లవల్ల మన రాజ్యానికి భయమే లేదు ప్రభూ. ఇది పొరుగువాడి పనే," అంటూ సేనలు నడిపే దళవాయి, ఏటి అవతలి రాజ్యంనుంచి వచ్చిన గాజులవాణ్ణి కట్టి తెచ్చాడు. రాజు ఉరి తీయమన్నాడు.

గవరమ్మ సభకు పరుగెత్తింది. "నా బిడ్డను మంటల్లోంచి మోసుకొచ్చింది ఈయనే బాబూ. ప్రాణమే దక్కలేదు. నిప్పు పెట్టింది మనవాళ్లే అయ్యుంటారు."

"మరమరాలమ్ముకునేదానివి, రాజ్యం సంగతి నీకేం తెలుసే?" అని నవ్వాడు దళవాయి.

అంతలో రాజుగారికి మజ్జిగ వచ్చింది. రోజూలాగే ఒక నౌకరు ముందు తాను గుక్కెడు తాగి, కాసేపు ఆగి, చెంబు అందించాడు.

"ఆ మజ్జిగ చిలికినవాళ్లు ఏ దేశంవాళ్లు దళవాయిగారూ?" అంది గవరమ్మ.

"మనవాళ్లే. ముత్తాతల నాటినుంచీ కోటలో ఉన్నవాళ్లు."

"మరి మనవాళ్లవల్ల భయం లేకపోతే, రాజుగారికన్నా ముందు ఆ నౌకరు తాగి చూడడమెందుకు?"

రాజు చెంబు పక్కన పెట్టేసి, గాజులవాడి కట్లు విప్పించాడు.

"మరి నిప్పు పెట్టిందెవరమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"తెలీదు బాబూ. నన్ను ఓదార్చడానికి ఊరంతా వచ్చింది. నిప్పు పెట్టినవాడూ వచ్చే ఉంటాడు, నా పక్కన కూర్చుని ఏడ్చే ఉంటాడు. ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి వెళ్లి ఏడవను?"