గరుకయ్య పెట్టిన పథ్యం

కొండ దిగువ పోరంబోకులో గిలిగిచ్చ మొక్కలు ఎండిపోయి, గాలి తగిలితే చాలు, కాయలు గలగలమంటున్నాయి. వందలాది నీలిచారల సీతాకోకచిలుకలు తిరనాళ్లకొచ్చినట్టు వాటి మీద వాలాయి. అన్నీ మొన్న మొన్న రెక్కలొచ్చినవే. పడమటి గాలి లేవగానే తూర్పు తీరానికి ఎగిరిపోవాలి. ఈలోగా ఆ ఎండుకాడల్లోని చేదురసం పీల్చి ఒంటికి పట్టించుకోవడం వాటి వంశాచారం. చేదెక్కిన ఒంటిని పిట్టా ముట్టదు, తొండా ముట్టదు.

ఆ సంగతి పక్క బండ మీది తొండ గరుకయ్యకు బాగా తెలుసు. కిందటేడు ఒకదాన్ని నోట పెట్టుకుని నాలుగు రోజులు తిండి మానేశాడు. అందుకని ఈసారి వైద్యుడి అవతారమెత్తాడు.

“ఆగండర్రా. దూరప్రయాణం పెట్టుకుని ఆ చేదు తాగుతారేమిటి? రెక్కలు బరువెక్కి నడిదారిలో రాలిపోతారు.”

“మా పెద్దలూ తాగే ఉంటారు కదండీ,” అంది నీలాలు. గుంపులో కాస్త నోరున్న పిల్ల అది.

“తాగారు. వెళ్లినవాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చారా?”

గుంపంతా బిక్కచచ్చిపోయింది. వెళ్లినవాళ్లు అక్కడే గుడ్లు పెట్టి కన్నుమూస్తారనీ, తిరిగొచ్చేది వాళ్ల పిల్లలేననీ ఈ పసివాళ్లకు చెప్పే పెద్దలు ఎవరున్నారు?

“పథ్యం ఉండండి. చేదు ముట్టకూడదు, పూలతేనె ఎంతైనా తాగొచ్చు. గాలి లేచిన రోజు నాడి చూసి పంపిస్తాను,” అన్నాడు గరుకయ్య.

వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడని సామెత. గరుకయ్య ఇంకా బోణీ కోసం చూస్తున్నాడు.

అందరూ పథ్యం పట్టారు, ఒక్క చలమయ్య తప్ప. వాడికి చేదంటే ప్రాణం. ఎవరూ చూడకుండా పొదలో దూరి ఎండుకాడలు జుర్రుకునేవాడు. పైకొచ్చి, “పథ్యమంటే మాటలు కాదర్రా,” అని నిట్టూర్చేవాడు. రోజురోజుకీ వాడొక్కడే బొద్దుగా తయారయ్యాడు.

ఒక పొద్దున పడమటి గాలి రివ్వున లేచింది. ఇక రెక్కలు ఆగుతాయా? ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతూ, పగలబడి నవ్వుతూ గుంపంతా గంతులేసింది.

“నాడి చూడందే కదలకూడదు,” అన్నాడు గరుకయ్య. “ఒక్కొక్కరే బండ వెనక్కి రండి.”

నీలాలుకు ఎక్కడో తేడా కొట్టింది. “అందరి ముందూ అయితే నాడి దొరకదా అండీ? ఇక్కడే చూడండి.”

గరుకయ్యకు ఆకలి ఆగడం లేదు. “సరే, ముందు ఆ బొద్దుగా ఉన్నవాణ్ణి రమ్మను.”

చలమయ్య వెనక్కి నక్కాడు. ప్రాణభయంతో కాదు, పథ్యం తప్పినట్టు నలుగురిలో బయటపడుతుందని. “నేను బాగానే ఉన్నానండీ. ఇంకెవరినైనా చూడండి.”

“బాగున్నవాడి నాడే ముందు చూడాలి,” అంటూ గరుకయ్య వాణ్ణి లటుక్కున నోట కరుచుకున్నాడు. గుంపు కెవ్వుమంది.

మరుక్షణం గరుకయ్య కళ్లు గిర్రున తిరిగాయి. చలమయ్యను థూ అని ఉమ్మేసి, నాలుకను బండకేసి పరపరా రుద్దుకున్నాడు. చిరిగిన రెక్కతో లేచిన చలమయ్య తల దించుకుని, “క్షమించండి వైద్యులవారూ, రోజూ కాస్త తాగేశాను,” అన్నాడు.

నీలాలుకు అంతా అర్థమైంది. “చలమయ్యా, నీ తిండిపోతుతనం మా ప్రాణాలు నిలబెట్టింది. అందరూ రండి, ఒంటినిండా చేదు పట్టించి మరీ బయల్దేరదాం.”

గాలి ఇంకా జోరుగానే ఉంది. తాగినంత తాగి, తూలుతూ గుంపు పైకి లేచింది. నీలాలు మాత్రం ఒక్క క్షణం ఆగి, నేరుగా వచ్చి గరుకయ్య ముక్కు మీదే వాలింది.

“తింటారా?” అని అడిగింది.

కడుపులో ఆకలి కరకరలాడుతున్నా, గరుకయ్య నోరు బిగించుకుని వద్దు వద్దని తల ఊపాడు. నోటి దగ్గరికొచ్చిన ముద్దను వదులుకోవాల్సి వచ్చినందుకు వాడికి ఏడుపొచ్చింది. నీలాలు కిలకిల నవ్వి గాలిలో కలిసిపోయింది.

నీకేది మంచిదో చెప్పేవాడు నిన్ను చూసి లొట్టలు వేస్తున్నాడేమో ముందు చూసుకో.