పైడమ్మ కుంచం, గవరయ్య అంచనా

అనగనగా, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక రేవుపట్నం. అందులో గవరయ్య అనే ధాన్యం షావుకారు ఉండేవాడు. ఆయనలో ఒక గొప్ప గుణం ఉంది: దేన్నీ కొలిచి చూసేవాడు కాదు. కంటితో ఒకసారి చూసి, ఇంత అనేవాడు. గర్వమని కొందరన్నారు గాని, నిజానికి అది కుంచం అరిగిపోతుందన్న జాలి. ఎవరి దగ్గరా లెక్కలు నేర్చుకోకుండానే ఇంతవాణ్ణయ్యానని పదిమందికీ చెప్పేవాడు. అడగనివారికి ముందుగా చెప్పేవాడు.

ఆ పట్నంలో ఒక వాడుక ఉంది. విత్తే వేళ రైతులు షావుకారు గాదెలోంచి నాలుగు కుంచాల వడ్లు తీసుకుంటే, పంట ఇంటికి రాగానే అయిదు కుంచాలు తెచ్చి పోయాలి.

ఒక కోతల కాలంలో చాపలల్లే పైడమ్మ కుంచెడు వడ్లు తెచ్చింది.

“షావుకారుగారూ, ఏటా ఒక కుంచం తెస్తాను. మీ వడ్లతోపాటు నావీ రైతులకివ్వండి. తిరిగొచ్చిందంతా నా పేరున వేరే గాదెలో పోయించి, మళ్లీ విత్తే వేళకు అదంతా రైతులకే ఇవ్వండి. నేను అడిగేదాకా ఇంకెందుకూ గింజ తియ్యొద్దు.”

“ఎందుకమ్మా ఈ కూడబెట్టడం?”

“ఏటి లంక కోసం.”

ఏటి నడుమ మేటవేసిన ఆ లంకనంతా ఒకే వానాకాలంలో విత్తినవారికే అది సొంతమని రాజుగారి మాట. అందుకు యాభై కుంచాల విత్తనం కావాలి. రైతుల చేతిలో అంత మిగలదు. షావుకార్లకు బురద పడదు.

“నీ మునిమనవరాలు విత్తుతుందిలే,” అని నవ్వాడు గవరయ్య.

మూడో కోతలకు పైడమ్మ, “ఎంతయిందండీ?” అని అడిగింది.

“మూడు పోశావు. మూడూ, పైన ఓ గుప్పెడూ.”

గుమాస్తా నీలాద్రి కొలిచాడు. నాలుగుకు కాస్త తక్కువ.

“ఆ మాత్రం తేడా కుంచానిది, నాది కాదు,” అన్నాడు గవరయ్య.

ఆరో కోతలకు మళ్లీ అడిగింది.

“మూడేళ్లకు నాలుగైతే, ఆరేళ్లకు ఎనిమిది.”

కొలిస్తే పదకొండు దాటింది.

“నీలాద్రీ, కుంచం నిండకుండానే పోసేస్తున్నావేమో.”

“నిండిందండి బాబూ. వచ్చి చూడండి.”

“చూడక్కర్లేదు.”

ఇరుగుపొరుగులు పైడమ్మను చీర కొనుక్కోమన్నారు, కడియాలు చేయించుకోమన్నారు. “ఆ గాదె నాది కాదనుకున్నాను,” అనేసి ఆమె చాప అల్లుకునేది.

పన్నెండో కోతలకు దండోరా పడింది. వచ్చే వానాకాలం దాటితే లంక రాజుగారి ఏనుగుల మేతకు పోతుంది.

పైడమ్మ పన్నెండో కుంచంతో పరుగున వచ్చింది. ఆమెను చూసి గవరయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

“ఆరేళ్లకు పదకొండు. పన్నెండేళ్లకు ఇరవైరెండు. నా మంచితనం కలుపుకున్నా పాతిక. లంక మాట మరిచిపోవమ్మా. ఆ వడ్లు దంపుకుని తిను.”

పైడమ్మ మొహం పాలిపోయింది. “అంచనాలు నాకు రావు బాబూ. ముట్టకుండా ఉండడమే వచ్చు. ఒక్కసారి కొలిపించండి.”

నీలాద్రి కొలిచాడు. ఇరవై అయింది. పాతిక అయింది. గాదెలో సగం పైనే ఉంది. గవరయ్య అతన్ని పక్కకు జరిపి, పంచె ఎగగట్టి తానే కొలవసాగాడు. నలభై దాటేసరికి ఆయన నుదుట చెమట, వాకిట్లో జనం. యాభయ్యో కుంచం పడగానే పైడమ్మ ఉన్నచోటే కూలబడి నవ్వింది. గాదెలో ఇంకా నాలుగు కుంచాలున్నాయి.

గవరయ్య గాదెలోకి తొంగి చూశాడు.

“మొదటి కుంచం ఏటేటా పిల్లల్ని పెట్టింది. ఆ పిల్లలూ పెట్టాయి. నేను పిల్లలదాకా లెక్కవేసి మనవల్ని మరిచాను,” అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, “నీలాద్రీ, అయితే నా ఆస్తి కూడా ఇలా పెరిగిందేనా? నా తెలివి వల్ల కాదా?”

నీలాద్రి కుంచం తుడుచుకుంటూ, “నేనేమీ అనలేదండి బాబూ,” అన్నాడు.

మొదటి వానకే పడవలు కట్టారు, డప్పులు మోగాయి. యాభై కుంచాలూ లంకలో పడ్డాయి. మిగిలిన నాలుగు కుంచాలూ దంపి ఊరందరికీ బూరెలు వండింది పైడమ్మ. గవరయ్య మోకాళ్లదాకా బురదలో నిలబడి ఏడు తిన్నాడు.

“ఇంకో పన్నెండేళ్లు ఉంచితే ఎంతయ్యేది బాబూ?” అని అడిగింది పైడమ్మ.

గవరయ్య మూతి తుడుచుకున్నాడు.

“పెరుగుతుందని తెలిసింది. ఎంత పెరుగుతుందో కంటితో చెప్పడం నాకింకా రాలేదమ్మా. కొలవాల్సిందే.”

నీతి: ఏటేటా కొంచెం దాచి, దాచిన దాన్నీ దాని పెంపునూ కదపకుండా ఉంచితే, అది మన అంచనాను దాటి పెరుగుతుంది.