గరువుపేట బాటమ్మకు ఎదురుగా ఎందుకు నిలబడరాదు

బంగాళాఖాతపు ఒడ్డున, గరువుపేట రేవు నుంచి తిన్నగా పైకి వచ్చే పెద్దబాట చివర, ఇసుకదిబ్బ మీద బాటమ్మ తల్లి వెలసి ఉన్నది. ఆలయం చిన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. మోకాలెత్తు నల్లరాయి, దానికి పసుపు కుంకుమలు, చుట్టూ కొబ్బరిపీచు మోకు, అంతే. రాయికి కన్నూ ముక్కూ తీర్చలేదు. కొత్తగా వచ్చినవారు అలవాటు కొద్దీ ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తారు. వెంటనే పూజారి, "పక్కకు రండి బాబూ, అమ్మ దారి చూస్తంది" అని కసురుతాడు. ఆ కసురును మనసులో పెట్టుకోవద్దు. ఇక్కడ పక్కకు జరగడమే పూజ.

పూర్వం ఇక్కడ దిబ్బ తప్ప మరేమీ లేదు. పాత ఊరు కింద, అలల పక్కనే ఉండేది. కుంఫిణీ ఓడలు తిరిగే కాలంలో ఒక కార్తీకమాసాన ఉప్పెన వచ్చి ఆ ఊరిని ఊడ్చుకుపోయింది. దిబ్బ కళ్ల ముందు కనబడుతూ ఉండగానే, ఇరుకు సందుల్లో ఒకరి మీద ఒకరు పడి జనం మునిగిపోయారు. ఆ ఘోరం చూసి జమీందారు సూరపరాజుగారి మనసు కదిలింది. మిగిలినవారికి దిబ్బ దగ్గరగా కొత్త ఊరు కట్టిస్తానని మాట ఇచ్చారు.

ఆ రోజుల్లోనే గుడ్డల బేరానికి వచ్చిన ఒక అమెరికా ఓడ నుంచి సైలసు అనే దొర దిగాడు. అతడు బేరగాడు కాడు, ఊళ్లకు వీధులు తీర్చేవాడు. తన దేశం కొత్తగా ఏర్పడిన తొలినాళ్లలో అక్కడి ఒక నదీతీరాన పట్టణమంతా కాగితం మీద గీసి ఇచ్చాడు. ఒక వీధికి ఓ ధనవంతుడి మేడ అడ్డం వచ్చింది. సైలసు మేడను పడగొట్టించాడు, ధనవంతుడు సైలసు కొలువును పడగొట్టించాడు. ఆ పట్టణం అతడు గీసిన గీతల మీదనే పెరిగిందట. పటం మీద పేరు మాత్రం మరొకరిది. చచ్చేలోగా తాను గీసిన వీధిలో, గీసినది గీసినట్టే ఉన్న వీధిలో, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి నడవాలన్నది అతడి కోరిక. పాపం, అది చిన్న కోరికే అనుకున్నాడు.

జమీందారు ఊరు కట్టే పని అతడికి అప్పగించారు. దొర ముందుగా కాగితం ముట్టలేదు. బతికి బయటపడ్డవారిని పట్టుకుని, ఎవరు ఎక్కడ ఆగిపోయారో అడిగాడు. అచ్చియ్యమ్మ అనే, సముద్రం మీద వేటతో బతికే వాడబలిజల ఇంటి వితంతువు అతడిని పాత సందులోకి తీసుకువెళ్లి ఒకచోట నిలబడింది. ఆమె ఇద్దరు పిల్లలూ అక్కడే పోయారు.

"ఇక్కడే బాబూ. దిబ్బ అగుపిస్తానే ఉంది. ముందర బండి అడ్డమడిపోనాది. ఎనక్కి తిరిగితే నీరు. పిల్లల చేతులు జారిపోనాయి" అన్నది.

ఆ మాట విన్నాక దొర మొదటి గీత గీశాడు. రేవు నుంచి దిబ్బకు ఒకటే బాట, ఎక్కడా ఒంపు లేకుండా, ఎనిమిది బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. కొలతకు పొడవాటి మోకు తీసుకుని, బాట వెడల్పు దగ్గర ఒక ముడి వేశాడు. ఒక కొస దొర పట్టుకుంటే రెండో కొస అచ్చియ్యమ్మ పట్టుకునేది. దిబ్బ మీద చివరి హద్దురాయి ఇద్దరూ కలిసి పాతారు. దొర ఆమె దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. తెల్లటి మనిషి కొలువులో నిలబడి, వదలనని చెప్పడానికి "నానొగ్గను రాజా" అంటుంటే ఉద్యోగులు నోళ్లకు ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఊరు వెలిసింది, బేరాలు పెరిగాయి. అంత వెడల్పు చోటు ఊరికే పడి ఉండడం ఎవరి కళ్లూ ఓర్వలేకపోయాయి. మొదట అరుగు వచ్చింది. అరుగు మీదికి పందిరి, పందిరి చుట్టూ గోడ. ఎవరిని అడిగినా "జానెడే కదా దొరా" అనేవారు. చివరికి జమీందారుగారి బావమరిది జోగిరాజు, దిబ్బకు కాస్త ఇవతల, బాటలో ముప్పాతిక వంతు మింగేసి ఉప్పుకొట్టు కట్టాడు.

దొర పరుగున వెళ్లి మొరపెట్టుకున్నాడు. సూరపరాజుగారు చెడ్డవారు కారు, మొహమాటస్థులు.

"ఉప్పెన రోజూ వస్తుందా దొరా? జోగిరాజు మా ఇంటివాడు. కాస్త చూసీ చూడనట్టు పోవాలి" అన్నారు.

"నీటికి సుట్టరికం తెల్దు రాజా" అన్నాడు దొర.

మర్నాడు గునపం పట్టుకుని తానే కొట్టు గోడ మీద పడ్డాడు. ఆ పనికి ఏమి జరుగుతుందో అతడికి తెలియనిది కాదు. ఒకసారి కాలిన చేతినే మళ్లీ నిప్పులో పెట్టాడు. జమీందారు కొలువు నుంచి తీసేశారు. జోగిరాజు గోడను ఈసారి రాతితో కట్టాడు.

తరువాత దొర రేవులో, అచ్చియ్యమ్మ గుడిసె పంచన, వలలు అల్లుతూ బతికాడు. అల్లడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. రోజూ ఉదయాన్నే బాట పట్టుకుని నడిచేవాడు. ఉప్పుకొట్టు దాకా వచ్చి, గోడ మీద చేయి వేసి, వెనక్కు తిరిగేవాడు. పక్కనున్న ఇరుకు సందులోంచి దిబ్బకు పోవచ్చు. కానీ అది అతడు గీసిన దారి కాదు. మనుషులు ఉండేచోట తిన్నని గీత గీయడమే తప్పేమోనని కుమిలిపోయాడు. ఆ దుఃఖం పంచుకోవడానికి అచ్చియ్యమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె మాత్రం మోకును ఎండబెట్టి, చుట్టచుట్టి, చూరుకు వేలాడదీసేది.

మళ్లీ ఒక కార్తీకంలో, పట్టపగలు, గాలి తిరిగింది. సముద్రం రేవు దాటి ఊళ్లోకి వచ్చింది. జనం బాట వెంట దిబ్బకు పరుగెత్తి ఉప్పుకొట్టు దగ్గర ఇరుక్కుపోయారు. ముందువారికి ఆ ఇరుకు సందు తప్ప దారి లేదు, వెనకవారికి ఆ సంగతి తెలియదు. దొర గునపంతో గోడ మీద పడ్డాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. నలుగురూ చేయి వేశారు. గోడలో మనిషి పట్టేంత కంత పడింది. వాన కళ్లు తెరవనివ్వడం లేదు. అచ్చియ్యమ్మ చూరు నుంచి తెచ్చిన మోకు కొస పట్టుకుని దొర రాళ్ల మీదుగా దిబ్బ ఎక్కి హద్దురాయి దగ్గర నిలబడ్డాడు. రెండో కొస పట్టుకుని ఆమె కంత దగ్గర నిలబడింది.

"మోకట్టుకోని ఎల్లిపోండి! ఆగొద్దు, ఎనకాలోలికి దారొగ్గండి!" అని ఆమె అరుస్తూనే ఉన్నది.

జనం మోకు పట్టుకుని ఒకరి వెనక ఒకరుగా పైకి వచ్చారు. కొంతసేపటికి రావడం ఆగింది. అరుపూ ఆగింది. దొర మోకు లాగాడు. మోకు తేలికగా వచ్చేసింది.

దిబ్బ ఎక్కినవారికన్నా ఎక్కనివారే ఎక్కువ. దొర ఆ రోజు తన బాట చివరిదాకా నడిచిన మాట నిజమే. నడిచినట్టు అతడికి గుర్తుందో లేదో ఎవరూ అడగలేదు. రాయికి ఆనుకుని, బాట కేసి చూస్తూ, అన్నం ముట్టక ప్రాణం విడిచాడు. కొట్టులో ఉప్పంతా కరిగిపోయింది. జోగిరాజు ఆ రోజు కోటలో ఉన్నాడు, అతడికి ఏమీ కాలేదు.

సూరపరాజుగారికి ఒకే కల మళ్లీ మళ్లీ వచ్చేది. దొర తడిసిన బట్టలతో నిలబడి, మోకు కొస చాచి, "ఆ యమ్మ కొస ఖాళీగా ఉంది, నువ్వట్టుకో రాజా" అనేవాడు. రాజుగారి చేయి లేచేది కాదు. చివరికి ఆయన చెప్పులు లేకుండా దిబ్బ ఎక్కి, రాయికి పసుపు రాసి, అచ్చియ్యమ్మను బాటమ్మగా నిలిపారు. కొట్టు రాళ్లు తీయించి బాట తెరిపించారు. ఏటేటా మోకు పట్టాలని, ఒక కొస వాడబలిజలదని, రెండో కొస ఊళ్లో పెద్ద ఇంటివారిదని కట్టడి చేశారు.

ఆ ఆచారం నేటికీ తప్పలేదు. కార్తీక అమావాస్య ఉదయం రేవు నుంచి దిబ్బ దాకా, ముడి దగ్గర పట్టుకుని, బాటకు అడ్డంగా మోకు చాచి నడుస్తారు. ఎవరి గోడ తగిలి మోకు ముడి దాకా సాగదో ఆ ఇంటివారు బయటికి వచ్చి, "వచ్చే ఏటికి ఒగ్గేస్తాం తల్లీ" అని కొబ్బరికాయ కొడతారు. ఇప్పుడు రేవు నుంచి పై దాకా కొబ్బరికాయలు కొడుతూనే ఉంటారు. మోకు ముడి దాకా సాగే చోటు ఒక్కటీ మిగలలేదు. దిబ్బ మీద పూజారి పెద్ద ఇంటివారి చేతిలోని కొస అందుకుని మోకును తన వైపు లాగుతాడు. కింద కొస పట్టుకున్న వాడబలిజ ఆడపడుచు చేయి వదిలేస్తుంది. మోకు తేలికగా వచ్చేస్తుంది.

ఇల్లు కట్టేముందు తన హద్దులో జానెడు బాటకు వదిలినవారి పిల్లలు ఏ ఆపదలోనైనా క్షేమంగా ఇల్లు చేరతారని పెద్దల వాక్కు. వదిలినవారు ఎవరైనా ఉంటే దేవస్థానం వారికి తెలియజేయ ప్రార్థన. వారి పేర్లు చెక్కించడానికి తెప్పించిన పాలరాయి ఇంకా ఖాళీగానే ఉన్నది. ప్రసాదాలు, ఈ పుస్తకం అమ్మే గది కూడా బాటలోనే కట్టినది. నిరుడు ముడి ఆ గది గోడకు తగిలితే, దేవస్థానం తరఫున మేమే కొబ్బరికాయ కొట్టాము. భక్తులు దర్శనం కాగానే అక్కడ ఆగక, వెనకవారికి దారి ఇచ్చి, అమ్మ కరుణకు పాత్రులు కాగలరు.