ఎల్లొచ్చినమ్మ గడప

తూర్పు కనుమలలో నిమ్మగూడ వరకే బస్సు వస్తుంది. అక్కడి నుంచి గంటన్నర కాలినడక. ఇంత దూరం వచ్చే భక్తులలో సగం మంది వేరే చోటికి బయలుదేరి, అక్కడ గదులు దొరక్క ఇటు మళ్లినవారే. మొహమాటపడవద్దు, అమ్మవారికి అది అలవాటే. కొండపైన గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, ఫోనుకు సిగ్నలు అసలే లేదు. రాతిగోడల చిన్న ఇల్లు ఒకటి, దాని గడప మీద మూడడుగుల నల్లరాతి అమ్మవారు. లోపలి గది ఖాళీ. ఎదురుగా కొండలు వరుస వెనుక వరుసగా నీలం పలచబడుతూ పోయి, చివరిది కొండో మబ్బో తేలదు. అంత గది ఉండగా దేవత గుమ్మంలో ఎందుకు కూర్చున్నదని ప్రతివారూ అడుగుతారు. మీరూ అడగబోతున్నారు, కనుక ముందే చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ గవరమ్మ అనే మేకలకాపరి ఒంటరిగా ఉండేది. భర్త పోయిన తరువాత కిందికి వచ్చేయమని నిమ్మగూడవారు ఎన్నిసార్లు పిలిచినా దిగలేదు. ఎప్పుడైనా ఒక బాటసారి వచ్చేవాడు. తేనె కోసం వచ్చినవాడో, దారి తప్పిన బేరగాడో. గవరమ్మ చోడి అంబలి, అంటే రాగిజావ, పోసేది. తాగి, మూతి తుడుచుకుని, "ఎల్లొస్తానమ్మా" అని దిగిపోయేవాడు. 'వెళ్తాను' అంటే అశుభమని మనందరం అనే మాటే అది. అన్నవారిలో ఒక్కరూ మళ్లీ రాలేదు. ఆ సంగతి గవరమ్మకు తెలియక కాదు. అయినా పొద్దున్నే లేచి కాలిబాట ఊడ్చేది.

ఆ రోజులలో అమ్మవారు వెలిసేందుకు చోటు చూసుకుంటూ, నడివయసు స్త్రీ రూపంలో కొండకొండకూ తిరుగుతున్నది. చోటుకు చరిత్ర ఉండాలి, ఆటాపాటా ఉండాలి, కళ్లు నిండే కొండలుండాలి. దేవతలైనా ప్రయాణం పెట్టుకుంటే కోరికలకు తక్కువేముంటుంది? పడమటనున్న కోటబొడ్డు అప్పటికే ఆమె మనసులో పడింది. అక్కడ పాత కోట ఉంది, ఏటా తప్పెటగుళ్లు ఆడతారు, ఊరిపెద్ద దాలినాయుడు కొత్త మండపం కూడా కట్టించి పెట్టాడు. ఎందుకైనా మంచిదని ఇదొకటి చూసిపోదామని ఇటు వచ్చింది.

"ఇక్కడ రాజులెవరైనా ఏలారా?" అని గవరమ్మను అడిగింది.

"ఒకాయనొచ్చినాడమ్మా, దారి తప్పి. నీళ్లు తాగీసి ఎలిపోనాడు."

"పండగలూ పాటలూ?"

"నాను పాడతాను, మేకలింటాయి. ఆటికి నచ్చినట్టే ఉంటాది, ఒక్కటీ లెగిసిపోదు."

దేవతకు నవ్వు వచ్చింది. "మరి ఏముందని ఉంటున్నావే ఇక్కడ?"

"ఏడు వరసల కొండలు. వాన ఎలిసిన నాడు ఎనిమిది. ఆ ఎనిమిదోదాన్ని నాను తప్ప ఎవులూ సూడనేదు" అని గవరమ్మ చెయ్యి చాపి చూపింది. "ఎవులికైనా సూపించాలని నాకు."

ఆ పూట మబ్బు కమ్మి ఒక్క వరుసైనా కనిపించలేదు. అమ్మవారు అంబలి తాగి లేచి, "వెళ్లొస్తాను గవరమ్మా" అన్నది.

"ఎల్తే ఎల్లు తల్లీ. ఆ మాట మట్టుకు అనకు. అందరూ అంటారు, నాను నమ్మేస్తాను."

"నేనన్నాను కదా" అని నవ్వుతూ అమ్మవారు దిగిపోయి, నేరుగా కోటబొడ్డు చేరి అక్కడ రాతిగా వెలిసింది. దాలినాయుడు మండపంలో నిలిపి పూజలు చేయించాడు. ఉత్సవాలలో పడి రెండేళ్లు అమ్మవారికి గవరమ్మ గుర్తే రాలేదు. ఈ ముక్క ఈ స్థలపురాణం పుస్తకంలో వేయవద్దని పెద్దలు కొందరు అన్నారు. అమ్మవారే దాచుకోనిది మనం దాచడమెందుకు?

మూడో ఏట ఒకనాడు వాన వెలిసి, కోటబొడ్డు నుంచి తూర్పు కొండలన్నీ కడిగినట్టు కనిపించాయి. ఆ మధ్యాహ్నమే దాలినాయుడి కునుకులోకి అమ్మవారు వచ్చి, "నాయుడూ, నన్ను ఎత్తండి. ఒకచోట వెళ్లొస్తానని చెప్పాను" అన్నది.

"తల్లీ, అది మర్యాదకు అనే మాట. అన్నవాళ్లు రారు, విన్నవాళ్లు ఎదురుచూడరు."

"ఒకతె చూస్తుంది నాయుడూ."

విగ్రహాన్ని పల్లకిలో పెట్టి, పొంగే వాగులూ గెడ్డలూ దాటి, ఇరవై రోజులకు ఈ కొండ ఎక్కించారు. తలుపు తాడుతో కట్టి ఉంది. నిమ్మగూడ నుంచి గవరమ్మ మేకలను మేతకు తోలుకుని వచ్చిన సన్నమ్మ అనే ఆమె అక్కడ నిలబడి ఉంది.

"గవరమ్మ పోయి పక్షమయ్యింది బాబూ. ఒకామె వస్తానందని రోజూ రెండు ముంతలు కడిగేది. ఎవులే ఆయమ్మ అంటే, పేరడగనేదు అనేది. మేం నవ్వీవోలం."

బోయీలు తాడు విప్పి విగ్రహాన్ని లోపల నిలపబోయారు. గడప దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది మంది పట్టినా కదలలేదు. సన్నమ్మ దగ్గరికి వచ్చి, రాతి ముఖాన్ని చూసి, "ఎల్లొచ్చినావా అమ్మా?" అని మాత్రం అన్నది. ఆ మాటే అమ్మవారి పేరయింది. గవరమ్మ రోజూ కూర్చున్న చోట, గవరమ్మ చూసిన దారి వైపే చూస్తూ అమ్మవారు ఉండిపోయింది.

నేటికీ ఇక్కడ నైవేద్యం రెండు ముంతల చోడి అంబలి. ఒకటి గడప మీద, ఒకటి ఖాళీ గదిలో. కొండ దిగే భక్తులు ఇక్కడ 'వెళ్తాను' అనే చెప్పాలి. మరెక్కడ తప్పయినా ఇక్కడ అదే మర్యాద. నోరు జారి 'వెళ్లొస్తాను' అన్నారా, సన్నమ్మ వంశంలోని పూజారిణి బంగారి మీ పేరు అడిగి అమ్మవారి చెవిలో చెబుతుంది. ఆ తరువాత మీ ఇష్టం. అమ్మవారిని కొలిస్తే దూరాన ఉన్నవారి కబురు అందుతుందని, ఎదురుచూసే కళ్లకు నిద్ర పడుతుందని నమ్మకం.

ఏటా ఇద్దరో ముగ్గురో నిజంగానే తిరిగి వస్తారు. వారికి ప్రత్యేక దర్శనమేమీ ఉండదు. బంగారి వారిని గడప ముందు నిలబెట్టి, ఖాళీ గదిలోకి తొంగి చూసి, "ఒకలొచ్చినారే గవరమ్మా" అని కేకవేస్తుంది.